డబ్బంతా కట్టేశాక కూడా ఇంటి మీద లీన్ ఎలా పడుతుంది?

కిచెన్ రీమోడలింగ్ అయిపోయింది. 60,000 డాలర్ల ఒప్పందం, ఆఖరి చెక్కుతో సహా కాంట్రాక్టర్‌కి ముట్టింది. రెండు నెలలు పోయాక కేబినెట్లు సప్లై చేసిన కంపెనీ నుంచి సర్టిఫైడ్ మెయిల్ వస్తుంది. కాంట్రాక్టర్ మాకు 14,000 డాలర్లు బాకీ పడ్డాడు, అందుకని మీ ఇంటి మీద మెకానిక్స్ లీన్ (పని చేసినవాళ్లకో సరుకిచ్చినవాళ్లకో రాని డబ్బు కింద ఆ ఆస్తి మీద చట్టం ఇచ్చే హక్కు) రికార్డు చేశాం అని. ఆ కంపెనీ పేరు మీరు వినడం అదే మొదటిసారి.

"నేను ఇవ్వాల్సిందంతా ఇచ్చేశాను కదా" అంటే అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అది జవాబు కాదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, కాంట్రాక్టర్ ఎగ్గొట్టిన బాకీ మీ ఇంటి మీద పడుతుంది. మీరు ఎంత ఇచ్చారన్నది కాదు, ఇచ్చిన ప్రతిసారీ ఎవరి సంతకంతో ఏ కాగితం పుచ్చుకుని ఇచ్చారన్నదే ఇక్కడ లెక్కలోకి వస్తుంది.

చట్టం ఇలా ఎందుకుందో తెలిస్తే కోపం కొంత తగ్గుతుంది. సోఫా మీద హక్కు రాయించుకుని వాయిదాలకి అమ్మినవాడు డబ్బు రాకపోతే సోఫా పట్టుకుపోవచ్చు. గోడలో కలిసిపోయిన సిమెంటును, పైకప్పుకు కొట్టిన షింగిల్స్‌ను ఎవరూ పట్టుకుపోలేరు. ఆ కష్టమూ ఆ సరుకూ ఆస్తి విలువలో కలిసిపోయాయి కాబట్టి ఆస్తి మీదే హక్కు ఇస్తారు. ఈ పద్ధతి 1791లో మేరీలాండ్ శాసనసభతో మొదలైంది. కొత్త రాజధాని వాషింగ్టన్ నగరం త్వరగా కట్టాలి, పనివాళ్లు ధైర్యంగా ముందుకు రావాలి, అందుకు వాళ్లకు ఒక భరోసా కావాలి. తర్వాత అన్ని రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో దీన్ని తెచ్చుకున్నాయి. గడువులూ కాగితాలూ మాత్రం రాష్ట్రానికొక తీరు.

లీన్ అంటే ఏది, ఏది కాదు

మీతో నేరుగా ఒప్పందం లేని సబ్‌కాంట్రాక్టర్‌కి గాని సప్లయర్‌కి గాని మామూలుగా మీరు వ్యక్తిగతంగా బాకీ పడరు. వాళ్ల హక్కు ఇంటి మీద ఉంటుంది, మీ జీతం మీదా బ్యాంకు ఖాతా మీదా కాదు. మీతో నేరుగా సంతకాలు చేసిన కాంట్రాక్టర్ సంగతి వేరు. అతను లీన్ వేయగలడు, ఒప్పందం ఉల్లంఘించారని మీ మీదే విడిగా దావా కూడా వేయగలడు.

ఇంటి మీద హక్కే కదా, ఉంటే ఉండనీ అనుకోవడం కూడా పొరపాటే. ఇల్లు అమ్మబోతే, యాజమాన్యపు కాగితాలు సరిచూసే టైటిల్ కంపెనీ క్లోజింగ్ (అమ్మకం ముగింపు) ఆపుతుంది. రీఫైనాన్స్ ఆగుతుంది, హోమ్ ఈక్విటీ లోన్ ఆగుతుంది. మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) కాగితాల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది: తన హక్కు కంటే ముందు నిలబడగల లీన్ ఏదైనా పడితే దాన్ని వెంటనే తీర్చేయాలని. అంటే లెండర్ కూడా మిమ్మల్నే అడుగుతాడు. హోమ్‌ఓనర్స్ ఇన్సూరెన్స్ దీనికి పనికిరాదు, అది నిప్పుకీ గాలివానకీ దొంగతనానికీ. లీన్ వేసినవాడు గడువులోగా కోర్టుకెళ్లి గెలిస్తే చివరి మజిలీ ఫోర్‌క్లోజర్. 14,000 డాలర్లకి ఇల్లు వేలం దాకా వెళ్లడం అరుదే. ఎందుకు అరుదంటే, అంతకంటే చాలా ముందే ఎవరో ఒకరు భయపడి డబ్బు కట్టేస్తారు కాబట్టి.

రెండు రకాల రాష్ట్రాలు

మీ రాష్ట్రం ఏ రకమో ముందు తేల్చుకోవాలి. కొన్నిచోట్ల సబ్‌కాంట్రాక్టర్ హక్కు, మీరు కాంట్రాక్టర్‌కి ఇంకా ఇవ్వాల్సి ఉన్న మొత్తం వరకే. న్యూయార్క్ ఇలాంటిది. మీ దగ్గర మిగిలింది 5,000 డాలర్లయితే సబ్‌కాంట్రాక్టర్లందరికీ కలిపి దక్కేది ఆ 5,000. న్యూజెర్సీలోనూ లీన్‌కు అందుబాటులో ఉండేది మీరు చెల్లించాల్సిన బాకీ మేరకే. పైగా అక్కడ ఇళ్ల విషయంలో సబ్‌కాంట్రాక్టర్ నేరుగా లీన్ వేయలేడు. ఆఖరి పనిరోజు నుంచి 60 రోజుల్లోపు బాకీ నోటీసు దాఖలు చేసి, ఆర్బిట్రేషన్‌కి (కోర్టు బయట మధ్యవర్తి విచారణకి) వెళ్లి, అక్కడ అనుకూలంగా తేలాక, అదే ఆఖరి పనిరోజు నుంచి 120 రోజుల్లోపు లీన్ వేయాలి.

రెండో రకం రాష్ట్రాల్లో, మీరు కాంట్రాక్టర్‌కి మొత్తం ఇచ్చేసినా సబ్‌కాంట్రాక్టర్ హక్కు చెక్కుచెదరదు. కాలిఫోర్నియా ఇందులో పేరుమోసినది. ఈ పద్ధతికి న్యాయశాస్త్రంలో పెన్సిల్వేనియా పేరే పెట్టారు. తమాషా ఏమిటంటే, ఆ పెన్సిల్వేనియానే 2014లో చట్టం మార్చుకుని, నివాస గృహం యజమాని ఒప్పందం సొమ్ము పూర్తిగా చెల్లించి ఉంటే సబ్‌కాంట్రాక్టర్ల లీన్ చెల్లదని చెప్పింది. పద్ధతికి పేరిచ్చిన రాష్ట్రంలోనే ఇంటి యజమానులకు ఊరట దొరికింది.

ఆరిజోనా ఇంకో అడుగు ముందుంది. యజమాని తానే కాపురం ఉండే ఇంటి మీద, ఆ యజమానితో నేరుగా రాతపూర్వక ఒప్పందం ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ లీన్ వేయలేరు. కానీ "కాపురం ఉండే ఇల్లు" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. అద్దెకిచ్చిన ఇంటికి ఈ రక్షణ వర్తించదు. పెట్టుబడి కోసం రెండో ఇల్లు, మూడో ఇల్లు కొని ఎల్‌ఎల్‌సీ పేరున పెట్టుకునేవాళ్లు మన వాళ్లలో ఎక్కువ. సొంత ఇంటికి పనిచేసిన రక్షణే అద్దె ఇంటికీ ఉందనుకుని దెబ్బతినేది అక్కడే.

పని మొదలుకాగానే వచ్చే నోటీసులు

పని మొదలైన రెండు మూడు వారాలకు, ఎప్పుడూ పేరు వినని కంపెనీల నుంచి కాగితాలు రావడం మొదలవుతుంది. కాలిఫోర్నియాలో వీటిని ప్రిలిమినరీ నోటీస్ అంటారు. ఫ్లోరిడాలో నోటీస్ టు ఓనర్. చూడ్డానికి బెదిరింపులా ఉంటాయి గాని బెదిరింపులు కావు. "మేము మీ ఇంటికి సరుకు ఇస్తున్నాం, మాకు డబ్బు రాకపోతే మాకు హక్కుంది" అని ముందుగా చెప్పడం అంతే. చట్టం ప్రకారం పంపక తప్పదు కాబట్టి పద్ధతిగా నడిచే కంపెనీలే వీటిని పంపుతాయి. నోటీసు పంపినవాడి మీద మండిపడాల్సిన పని లేదు. చెత్తబుట్టలో వేయడం మాత్రం చాలా ఖరీదైన తప్పు.

ఈ నోటీసులే మీకు ఉచితంగా దొరికే జాబితా. మీ ఇంటి మీద రేపు ఎవరెవరికి హక్కు రావచ్చో ఇంత వివరంగా ఇంకెవరూ చెప్పరు. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి కంపెనీ పేరు, ఏ సరుకు లేక ఏ పని, ఎవరు ఆర్డర్ ఇచ్చారు, అంచనా మొత్తం, నోటీసు అందిన తేదీ రాసుకోండి. కవరు కూడా దాచండి. పోస్టల్ ముద్ర మీది తేదీయే రేపు నోటీసు గడువులోపు పంపారో లేదో తేలుస్తుంది.

కాలిఫోర్నియాలో సరుకు గాని పని గాని మొదలైన 20 రోజుల్లోపు ఈ నోటీసు ఇవ్వాలి. ఆలస్యమైతే హక్కు మొత్తం పోదు, నోటీసు ఇచ్చిన రోజుకి ముందు 20 రోజుల నుంచి చేసిన పనికే పరిమితమవుతుంది. అసలు ఇవ్వకపోతే లీన్ నిలవదు. ఇందులో ఒక మినహాయింపు ఉంది: రోజుకూలీకి పనిచేసేవాళ్లు నోటీసు పంపకపోయినా హక్కు ఉంటుంది. అంటే కాంట్రాక్టర్ తన మనుషులకు జీతాలు ఎగ్గొడితే, మీ స్ప్రెడ్‌షీట్‌లో లేని పేరు బయటికి రావచ్చు. ఫ్లోరిడాలో నోటీస్ టు ఓనర్‌కి గడువు మొదటి పనిరోజు నుంచి 45 రోజులు. అక్కడా కూలీలకు ఇదే మినహాయింపు.

చెక్కూ వేవరూ ఒకేసారి చేతులు మారాలి

అసలు రక్షణ అంతా ఇక్కడుంది, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాం. లీన్ వేవర్ అంటే "ఇంత మొత్తానికి, ఈ తేదీ దాకా చేసిన పనికి నా లీన్ హక్కు వదులుకుంటున్నాను" అని సంతకం చేసిన కాగితం. కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో ఇవి నాలుగు రకాలు, వాటి నమూనా కూడా చట్టంలోనే ఉంది. కండిషనల్ ప్రోగ్రెస్, అన్‌కండిషనల్ ప్రోగ్రెస్, కండిషనల్ ఫైనల్, అన్‌కండిషనల్ ఫైనల్. ప్రోగ్రెస్ అంటే మధ్య విడతలకి, ఫైనల్ అంటే ఆఖరి చెల్లింపుకి. అక్కడ చట్టం నమూనాకి దగ్గరగా లేని వేవర్ చెల్లదు. కాంట్రాక్టర్ తన లెటర్‌హెడ్ మీద "అందరికీ పూర్తిగా చెల్లించాను" అని రాసిచ్చింది ఫ్రేము కట్టించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

కండిషనల్ అంటే చెక్కు నిజంగా చెల్లితేనే అమల్లోకి వచ్చేది. అన్‌కండిషనల్ అంటే సంతకం పెట్టిన క్షణం నుంచే అమలు, డబ్బు రాకపోయినా. కాబట్టి చెక్కు క్లియర్ కాకుండా అన్‌కండిషనల్ మీద సంతకం పెట్టమని ఎవరినీ అడగకూడదు, వాళ్లు పెట్టకూడదు కూడా. వరస ఇలా నడవాలి. మొదటి చెక్కు ఇచ్చేటప్పుడు మొదటి విడతకి కండిషనల్ పుచ్చుకోండి. రెండో చెక్కు ఇచ్చేటప్పుడు రెండో విడతకి కండిషనల్, దాంతోపాటు ఇప్పటికే క్లియర్ అయిన మొదటి విడతకి అన్‌కండిషనల్. ఇలా ప్రతి విడతలోనూ పాతది మూసి కొత్తది తెరుస్తూ పోవాలి. ఆఖరి చెక్కుకి కండిషనల్ ఫైనల్, అది క్లియరయ్యాక అన్‌కండిషనల్ ఫైనల్. ఈ వరస పని మధ్యలో గుర్తొస్తే కాంట్రాక్టర్ విసుక్కుంటాడు. ఒప్పందంలోనే "వేవర్లు లేకుండా విడత చెల్లింపు లేదు" అని ఒక వాక్యం ముందే రాయించుకుంటే గొడవ ఉండదు.

ఇక ఎక్కడ తప్పుతుందో చూద్దాం. అందరూ చేసేది, కాంట్రాక్టర్ ఒక్కడి వేవర్ తీసుకుని ఊరుకోవడం. కాంట్రాక్టర్ తన హక్కునే వదులుకోగలడు, కేబినెట్ కంపెనీ హక్కును వదిలే అధికారం అతనికి లేదు. స్ప్రెడ్‌షీట్‌లో ఎన్ని పేర్లుంటే అన్ని వేవర్లు కావాలి. తర్వాతిది తేదీ. వేవర్‌లో "త్రూ డేట్" అని ఒక గడి ఉంటుంది. సప్లయర్ 28వ తేదీన సరుకు దింపి, వేవర్‌లో 15వ తేదీ దాకా అని రాస్తే ఆ 28వ తేదీ లోడు బయటే ఉంది. మినహాయింపుల గడి కూడా చదవాలి. వివాదంలో ఉన్న మొత్తాలూ ఎక్స్‌ట్రా పనీ అని అక్కడ ఏదైనా రాసి ఉంటే ఆ మేరకు హక్కు బతికే ఉంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా, నోటీసు పంపిన కంపెనీ పేరూ వేవర్ మీది కంపెనీ పేరూ ఒకటేనా అన్నది అక్షరం అక్షరం సరిచూడాలి. ఒకే మనిషికి రెండు ఎల్‌ఎల్‌సీలు ఉండటం ఈ వ్యాపారంలో వింత కాదు.

కనిపించని చిక్కు ఇంకొకటి ఉంది. కాంట్రాక్టర్‌కి సప్లయర్ దగ్గర ఒకే ఖాతా ఉంటుంది, నాలుగైదు ఇళ్ల బాకీలు అందులోనే నడుస్తాయి. మీ డబ్బు తీసుకెళ్లి నిన్నటి ఇంటి పాత బాకీ తీరుస్తాడు. మీ ఇంటి బాకీ రేపు ఇంకెవరి డబ్బుతోనో తీర్చొచ్చనుకుంటాడు. కొత్త పనులు వస్తున్నంతకాలం ఈ బండి నడుస్తుంది. పనులు ఆగిన నెల, ఆఖరున ఉన్న ఇల్లు ఎవరిదో వాళ్లు మునుగుతారు. అందుకే "ఈయన పదేళ్లుగా ఫీల్డ్‌లో ఉన్నాడు, రివ్యూలన్నీ బావున్నాయి" అన్నది ఈ విషయంలో ఏ భరోసా ఇవ్వదు. మోసగాడు కానక్కర్లేదు, చేతిలో డబ్బు ఆడకపోతే చాలు.

దానికి మందు జాయింట్ చెక్. కాంట్రాక్టర్ పేరు, సప్లయర్ పేరు రెండూ రాసి ఇచ్చే చెక్కు. పేర్ల మధ్య "అండ్" అని స్పష్టంగా రాయాలి. "ఆర్" అని రాసినా, కామానో గీతో పెట్టి వదిలేసినా, ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే మార్చుకోవచ్చన్న అర్థం తీస్తారు. మెమో గడిలో ఇంటి అడ్రసు, ఇన్వాయిస్ నంబరు రాయండి, అప్పుడది వేరే ఇంటి బాకీకి పోదు. చెక్కు క్లియరయ్యాక బ్యాంకు యాప్‌లో వెనకవైపు బొమ్మ తెరిచి రెండు ఎండార్స్‌మెంట్లూ ఉన్నాయో లేదో చూడండి. ఫోనులో డిపాజిట్ చేసిన చెక్కులు రెండో సంతకం లేకుండానే దాటిపోయే అవకాశం ఉంది. ఫోన్‌లోంచి నేరుగా డబ్బు పంపే జెల్ (Zelle) లాంటి దారుల్లో పంపేస్తే ఈ సౌకర్యం ఏదీ లేదు. డబ్బు వెళ్లిందన్న రుజువు ఉంటుంది, దేనికి వెళ్లిందన్నది ఉండదు.

పెద్ద పనులకు పేమెంట్ బాండ్ అడగొచ్చు. కాంట్రాక్టర్ ఎగ్గొడితే అతని తరఫున హామీ ఉన్న ష్యూరిటీ కంపెనీ సబ్‌కాంట్రాక్టర్లకు చెల్లిస్తుంది. దాని ఖర్చు చివరికి మీ బిల్లులోకే వస్తుంది. బాత్రూమ్ పనికి ఇది అనవసరం, ఇంటికి అదనపు అంతస్తు వేయిస్తుంటే ఆలోచించదగ్గది. కాంట్రాక్టర్ లైసెన్స్ బాండ్‌తో దీన్ని కలపకండి. కాలిఫోర్నియాలో లైసెన్స్ బాండ్ 2023 నుంచి 25,000 డాలర్లు, అదీ అతని మీద ఫిర్యాదులున్న వాళ్లందరికీ కలిపి.

మూడు రాష్ట్రాల లెక్కలు

కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతుల ఒప్పందానికి అడ్వాన్స్ 1,000 డాలర్లు లేదా ఒప్పందంలో 10 శాతం, రెండింట్లో ఏది తక్కువైతే అది మించకూడదు. 40,000 డాలర్ల పనికైనా 1,000 డాలర్లే. ఆ తర్వాతి విడతలు కూడా అప్పటిదాకా జరిగిన పనినీ దిగిన సరుకునూ దాటకూడదు. "మెటీరియల్ బుక్ చేయాలి, సగం ఇవ్వండి" అనే కాంట్రాక్టర్ మొదటి రోజే చట్టం దాటుతున్నాడు. పని పూర్తయ్యాక లీన్ రికార్డు చేయడానికి గడువు 90 రోజులు. మీరు 15 రోజుల్లోపు కౌంటీ రికార్డర్ దగ్గర నోటీస్ ఆఫ్ కంప్లీషన్ (పని పూర్తయిందన్న ప్రకటన) రికార్డు చేస్తే, అది సబ్‌కాంట్రాక్టర్లకు 30 రోజులకు, నేరుగా ఒప్పందం ఉన్న కాంట్రాక్టర్‌కి 60 రోజులకు తగ్గుతుంది. ఒక్క పేజీ కాగితం, కొద్దిపాటి ఫీజు. దీన్ని వాడుకునే ఇంటి యజమానులు మాత్రం తక్కువ. ఆఖరి విడతలో కొంత సొమ్ము ఆ 30 రోజులు గడిచేదాకా అట్టిపెట్టేలా ముందే రాసుకుంటే ఇంకా మంచిది. కాంట్రాక్టర్ పని మధ్యలో వదిలేసి మాయమైతే, 60 రోజులు వరసగా పని ఆగినప్పుడు చట్టం దృష్టిలో పని పూర్తయినట్టే. 30 రోజులు ఆగాక మీరు నోటీస్ ఆఫ్ సెసేషన్ (పని ఆగిపోయిందన్న ప్రకటన) రికార్డు చేసి ఆ గడియారాన్ని ముందుగానే మొదలుపెట్టొచ్చు.

టెక్సస్‌లో సొంత నివాసానికి, అంటే హోమ్‌స్టెడ్‌కి, గట్టి రక్షణే ఉంది. పని మొదలుకాక ముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి, పెళ్లైన వాళ్లయితే భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి, కౌంటీ క్లర్క్ దగ్గర దాన్ని దాఖలు చేయాలి. ఉన్న ఇంటికి మరమ్మతులైతే లెండర్, లాయర్, టైటిల్ కంపెనీ, ఈ ముగ్గురిలో ఒకరి ఆఫీసులోనే సంతకాలు జరగాలి. ఇందులో ఏది తప్పినా హోమ్‌స్టెడ్ మీద లీన్ నిలవడం కష్టం. మరి యజమాని చేయాల్సిందేమిటి? పని విలువలో 10 శాతం అట్టిపెట్టుకుని, పని పూర్తయ్యాక 30 రోజులు ఆగాలి. మొహమాటానికి ఆ 10 శాతం ముందే ఇచ్చేస్తే, ఆ మేరకు సబ్‌కాంట్రాక్టర్లకు మీరు బాధ్యులు. అలాగే సబ్‌కాంట్రాక్టర్ నుంచి బాకీ నోటీసు అందిన తర్వాత, చేతిలో ఉన్న సొమ్మును కాంట్రాక్టర్‌కి ఇచ్చేస్తే ఆ సొమ్ముకీ మీదే పూచీ. నోటీసు రాగానే చెక్కుబుక్కు మూసేయాలి.

ఫ్లోరిడాలో పని మొదలుకు ముందు నోటీస్ ఆఫ్ కమెన్స్‌మెంట్ (పని మొదలవుతోందన్న ప్రకటన) రికార్డు చేసి, దాని కాపీ పని జరిగేచోట అతికించాల్సిన బాధ్యత యజమానిదే. 2023 అక్టోబరు నుంచి 5,000 డాలర్లు దాటిన పనులకు ఇది కావాలి, ఏసీ మార్చడం లాంటి వాటికి పరిమితి 15,000. పర్మిట్‌తోపాటు కాంట్రాక్టరే ఇది నింపి సంతకం పెట్టించుకుంటాడు, మీరు చదవకుండా పెడతారు. అందులో వేరే గడువు రాయకపోతే ఒక ఏడాదికి దాని గడువు తీరిపోతుంది. పని సాగి ఏడాది దాటితే, ఆ తర్వాత మీరిచ్చే ప్రతి చెల్లింపూ చట్టం లెక్కలో సరికాని చెల్లింపే, అంటే రెండోసారి కట్టాల్సి రావచ్చు. సరిగా చెల్లించుకుంటూ వస్తే మీ మొత్తం బాధ్యత ఒప్పందం ధర దాటదు. ఆఖరి విడతకు ముందు కాంట్రాక్టర్ నుంచి ప్రమాణపత్రం తీసుకోవాలి. ఎవరెవరికి ఎంతెంత బాకీ ఉందో అందులో ప్రమాణం చేసి చెప్పాలి. అది ఇవ్వకుండా అతను మీ మీద దావా కూడా వేయలేడు. ఫ్లోరిడా హోమ్‌స్టెడ్ రక్షణ గొప్పదని ప్రతీతి. నిజమే గాని, ఇంటి మీద జరిగిన పని బాకీలను ఆ రాష్ట్ర రాజ్యాంగమే దాన్నుంచి మినహాయించింది.

లీన్ పడ్డాక

ముందు చేయకూడనిది: భయపడి వెంటనే కట్టేయడం. లీన్లలో లోపాలు చాలా ఉంటాయి, వాటిని వెతకడమే మొదటి పని. కౌంటీ రికార్డుల్లోంచి మొత్తం కాపీ తెచ్చుకుని ఇవి చూడండి: యజమాని పేరూ ఆస్తి వివరమూ సరిగా ఉన్నాయా, అడిగిన మొత్తం నిజంగా ఈ ఇంటిదేనా, ఆఖరి పనిరోజు ఏదని రాశారు, ముందస్తు నోటీసు మీకు ఏ తేదీన వచ్చింది, రికార్డు చేసిన తేదీ గడువులోపుదేనా, లీన్ కాపీ మీకు పంపినట్టు రుజువు జత చేశారా. కాలిఫోర్నియాలో ఆ రుజువు లేని లీన్ అమలు కాదు. ఆఖరి పనిరోజును వెనక్కో ముందుకో జరపడం అందరికీ తెలిసిన చిట్కా. మీ దగ్గర తేదీలతో ఫోటోలుంటే అక్కడే దొరికిపోతారు. ఫ్లోరిడాలో కావాలని పెంచి రాసిన లీన్ మొత్తంగా చెల్లకుండా పోవచ్చు.

తర్వాత క్యాలెండరు. లీన్‌కి ఆయుష్షుంది. కాలిఫోర్నియాలో రికార్డు చేసిన 90 రోజుల్లోపు దావా వేయకపోతే అది అమలు కాదు. అలాగని దానంతట అది రికార్డుల్లోంచి చెరిగిపోదు. తొలగించమని రాతపూర్వకంగా అడిగి, 10 రోజులాగి, కోర్టులో పిటిషన్ వేయాలి. గెలిచినవాళ్లకు లాయరు ఫీజు ఇప్పిస్తారు కాబట్టి మొదటి ఉత్తరానికే చాలామంది దిగొస్తారు. ఫ్లోరిడాలో లీన్ ఏడాది ఉంటుంది, నోటీస్ ఆఫ్ కంటెస్ట్ (లీన్‌ను సవాలు చేసే నోటీసు) రికార్డు చేస్తే 60 రోజులకు తగ్గుతుంది, ఆలోపు దావా వేయాలి లేదా వదులుకోవాలి. జార్జియాలోనూ ఇలాంటి 60 రోజుల సాధనమే ఉంది. ఇల్లినాయిలో మీరు నోటీసిస్తే 30 రోజుల్లో దావా వేయాలి. టెక్సస్‌లో చెల్లని లీన్‌ను త్వరగా తొలగించడానికి విడిగా మోషన్ (కోర్టుకి పెట్టే దరఖాస్తు) ఉంది.

ఇల్లు అమ్మకం మధ్యలో ఉండి ఇంత సమయం లేకపోతే రిలీజ్ బాండ్. లీన్ ఇంటి మీంచి లేచి బాండ్ మీదికి మారుతుంది, గొడవ బాండ్ మీద నడుస్తుంది, ఇల్లు అమ్ముడుపోతుంది. కాలిఫోర్నియాలో లీన్ మొత్తానికి 125 శాతం బాండ్ కావాలి. టెక్సస్‌లో 40,000 డాలర్ల లోపు లీన్‌కి రెట్టింపు. టైటిల్ కంపెనీ ఒప్పుకుంటే అమ్మకం సొమ్ములోంచి కొంత ఎస్క్రోలో (మధ్యవర్తి చేతిలో ఉండే ఖాతాలో) పెట్టి క్లోజింగ్ జరిపించడం దీనికంటే తేలిక.

కాంట్రాక్టర్ చాప్టర్ 7 (ఉన్న ఆస్తులు అమ్మి పంచి, మిగతా బాకీలు రద్దు చేసే) దివాలా తీస్తే పరిస్థితి గోరుచుట్టు మీద రోకటిపోటే. అతని బాకీలు అతని మెడ మీంచి దిగిపోతాయి, కానీ మీ ఇంటి మీద సప్లయర్‌కి ఉన్న హక్కు దిగిపోదు. మీరు రెండోసారి కట్టి అతన్నుంచి రాబట్టుకుందామంటే మామూలు అప్పులవాళ్ల వరసలో నిలబడాలి. మోసం రుజువు చేయగలిగితే ఆ బాకీ దివాలాలో రద్దు కాకుండా అడ్డుకోవచ్చు, అందుకు దివాలా కోర్టు పెట్టిన గడువులోపు ఫిర్యాదు వేయాలి. కోర్టు నుంచి వచ్చే పోస్టును చూసీ చూడనట్టు పక్కన పడేయకండి.

బేరం కుదిరి సప్లయర్‌తో సెటిల్ చేసుకుంటే, క్యాషియర్స్ చెక్కూ నోటరీ చేసిన లీన్ రిలీజూ ఒకే బల్ల మీద చేతులు మారాలి. "డబ్బు పంపండి, వచ్చే వారం రిలీజ్ వేస్తాం" అన్నమాట మీద ఇవ్వొద్దు. రిలీజ్ చేతికందాక దాన్ని రికార్డు చేయించే పని వాళ్లకు వదలకుండా మీరే కౌంటీ ఆఫీసుకి తీసుకెళ్లండి. కొద్ది రోజులు పోయాక కౌంటీ వెబ్‌సైట్లో మీ పేరు మీద వెతికి, లీన్ డాక్యుమెంట్ నంబరు రిలీజ్‌లో సరిగ్గా పడిందో లేదో చూడండి. ఒక్క అంకె తప్పినా రికార్డుల్లో ఆ లీన్ తెరిచే ఉంటుంది.